పుప్పొడి వారంలో నాలుగు ఊళ్ళు: ఒక కాలేజీ కౌన్సెలర్ కేస్ స్టడీ

ఈ కేసులో ఆ కుటుంబానికి నేను రాసిచ్చిన రిపోర్టు తొమ్మిది పేజీలు. అందులో రాకుండా పోయిన విషయం ఒకటే, అదీ మొదటి పేజీలో ఉండాల్సింది. దాని సంగతి చివర్లో చెప్తాను. మాకు తెలిసింది కూడా చివర్లోనే.

నేనుండేది అట్లాంటాకి ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీలో. హైస్కూల్ పిల్లలకి కాలేజీ అప్లికేషన్లలో సాయం చేయడం నా పని. న్యూజెర్సీ, ఇల్లినాయ్ వైపు తెలుగువాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని సౌత్‌లో కాలేజీలు చూడ్డానికి వచ్చినప్పుడు చాలామంది నన్ను తోడు రమ్మంటారు. కోర్సుల గురించీ ఫీజుల గురించీ చెప్పడానికి నేను అక్కర్లేదు. వాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఊరు ఎలాంటిది మేడం?"

ఈ ప్రశ్న రియల్ ఎస్టేట్ ఏజెంట్‌ని అడిగితే జవాబు రాదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది కాబట్టి, ఏ పేటలో ఎలాంటివాళ్ళు ఉంటారో, మీలాంటివాళ్ళకి ఏది నప్పుతుందో ఏజెంట్ నోటితో చెప్పకూడదు. కాలేజీ టూర్ గైడ్ ఊరి సంగతి ఎత్తనే ఎత్తడు. అలా తిరిగి తిరిగి ఆ ప్రశ్న నా దగ్గరికొస్తుంది.

కేసు

సెంట్రల్ న్యూజెర్సీ కుటుంబం. నాన్నగారిది కరీంనగర్ వైపు, అమ్మగారిది తెనాలి. అమ్మాయికి పదిహేడేళ్ళు, పదకొండో తరగతి, మెకానికల్ ఇంజినీరింగ్ చదవాలని కోరిక. శాకాహారి. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, అదుపులోనే ఉంది. డ్రైవింగ్ లైసెన్స్ లేదు, తీసుకోవాలన్న తొందరా లేదు. ఆరు నెలలు ఉండటానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మగారిని ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఆవిణ్ణి కూడా బయల్దేరదీశారు. వాళ్ళ అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

చూడాల్సినవి నాలుగు: అట్లాంటాలో జార్జియా టెక్, అలబామాలో ఆబర్న్ యూనివర్సిటీ, టస్కలూసాలోని యూనివర్సిటీ ఆఫ్ అలబామా, సౌత్ కరొలైనాలో క్లెమ్సన్. మొదటి ఫోన్‌కాల్‌లోనే నాన్నగారు తీర్పు చెప్పేశారు.

"టెక్ అయితే ఓకే మేడం, మీ కౌంటీలోనే కమింగ్ అనే ఊళ్ళో మా తమ్ముడుంటాడు. అలబామా మాత్రం వద్దు. స్కాలర్‌షిప్ బాగా ఇస్తారంటున్నారు కాబట్టి ఒకసారి చూసొద్దాం, అంతే."

ఎందుకు వద్దంటున్నారో అడిగాను. 2015 ఫిబ్రవరిలో అలబామాలోనే, మాడిసన్ అనే ఊళ్ళో జరిగిన సంగతి చెప్పారు. కొడుకు ఇంటికొచ్చిన గుజరాతీ పెద్దాయన పొద్దున్నే వీధిలో నడుస్తుంటే ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, మెడ దెబ్బతిని కాళ్ళూ చేతులూ సరిగ్గా పనిచేయకుండా పోయాయి. రెండుసార్లు జ్యూరీ ఎటూ తేల్చలేకపోయింది, తర్వాత జడ్జి ఆ పోలీసుని నిర్దోషిగా వదిలేశారు. ఇప్పుడు మా అత్తగారికి కూడా ఇంగ్లీషు రాదు, ఆవిడకి కూడా పొద్దున్నే నడిచే అలవాటుంది, అన్నారాయన.

ఇలాంటి మాటకి "అదెప్పుడో జరిగింది లెండి" అనే కౌన్సెలర్లున్నారు. నేననను. జరిగింది జరిగినట్టే ఉంది. కాకపోతే ఇంకో సంగతి చెప్పాను. ఆయన తమ్ముడూ నేనూ ఉంటున్న ఇదే ఫోర్సైత్ కౌంటీలో 1912లో నల్లజాతివాళ్ళందర్నీ, వెయ్యి మందికి పైగా, భయపెట్టి తరిమేశారు. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకి పైగా ఇది తెల్లవాళ్ళ కౌంటీగానే ఉండిపోయింది. 1987 జనవరిలో ఒక చిన్న ఊరేగింపు బయల్దేరితే రాళ్ళు పడ్డాయి, వారం తిరక్కుండా ఇరవై వేల మంది వచ్చి మళ్ళీ నడిచారు. ఈ రోజు అదే కమింగ్‌లో బతుకమ్మ ఆడుతున్నాం, అపార్ట్‌మెంట్ల కంటే ముందు దోసె బండి వస్తోంది. చరిత్ర చూసి ఊరిని కొట్టేయాలంటే ముందు మీ తమ్ముడి ఊరినే కొట్టేయాలండీ, అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "అంటే చరిత్ర చూడక్కర్లేదంటారా?" అన్నారు. చూడాలి, కానీ దాని మీదే ఆగిపోకూడదు, అన్నాను. అప్పటికి నాకున్న జవాబు అంతే.

వెళ్ళే ముందు

మొదట తేదీలు చూసుకున్నాం. వాళ్ళ స్కూల్ స్ప్రింగ్ బ్రేక్ ఏప్రిల్‌లో. సౌత్‌లో యూనివర్సిటీలకి మార్చిలోనే అయిపోతుంది. కాబట్టి మనకి సెలవు, వాళ్ళకి క్లాసులు. ఊరు నిండుగా ఉన్నప్పుడు చూడొచ్చు. వేసవిలో చూపించిన తప్పు నేను ఒకసారి చేశాను. జులైలో కాలేజీ ఊరంటే పెళ్ళయిపోయాక మర్నాటి పందిరి లాంటిది, దాన్ని చూసి మంచీ చెడ్డా ఏమీ చెప్పలేం.

రెండోది క్లెరీ రిపోర్టు. 1986లో పెన్సిల్వేనియాలో హాస్టల్ గదిలో హత్యకు గురైన జీన్ క్లెరీ అనే విద్యార్థిని పేరు మీద 1990లో వచ్చిన చట్టం ఇది. ప్రతి కాలేజీ ఏటా అక్టోబర్ 1 లోపు గడిచిన మూడేళ్ళ నేరాల లెక్క బయటపెట్టాలి. తల్లిదండ్రులు దాన్ని పరీక్ష మార్కుల్లా పక్కపక్కన పెట్టి చూస్తారు, అక్కడే బోల్తా పడతారు. ఆ లెక్కలో ఉండేవి క్యాంపస్, దాన్ని ఆనుకున్న రోడ్లు, బయట కాలేజీ చేతిలో ఉన్న భవనాలు, అంతే. రెండో ఏడు పిల్లలు అద్దెకి దిగే అపార్ట్‌మెంట్ రెండు వీధుల అవతల ఉంటే అక్కడి దొంగతనం ఇందులోకి రాదు. ఇంకోటి, ఫిర్యాదు చేసే దారి సరిగ్గా లేని చోట కూడా అంకె సున్నాయే కనిపిస్తుంది. అందుకని నేను రిపోర్టు కంటే క్యాంపస్ పోలీసుల రోజువారీ లాగ్ ఎక్కువ చదువుతాను. గత 60 రోజులది ఎవరడిగినా చూపించాలి. అందులో సైకిళ్ళు ఎక్కడ పోతున్నాయో, శుక్రవారం రాత్రి ఏ వీధిలో గొడవలవుతున్నాయో ఊరి నాడి తెలుస్తుంది.

మూడోది నా సొంత నియమం: రాత్రి తొమ్మిదిన్నరకి, కారు లేకుండా, అమ్మాయి ముందు నడవాలి, మేం వెనక. ఈ నియమం చెప్పగానే నాన్నగార్ల ముఖాలు మారతాయి.

అట్లాంటా

ఆదివారం విమానం దిగి, ఎయిర్‌పోర్టుకి దగ్గర్లోనే రివర్‌డేల్ గుళ్ళో వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, కమింగ్‌లో తమ్ముడుగారింట్లో పడుకున్నారు. సోమవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి అమ్మమ్మగారు వాకిట్లో అద్దె కారు ముందు నిలబడి ఉన్నారు. బానెట్ మీద వేలుతో ఒక గీత గీసి, ఆ వేలు నాకు చూపించారు.

"ఏమ్మా, ఇక్కడ కారుకి కూడా పసుపు రాస్తారా?"

వేలి కొస నిజంగానే పసుపు ముద్దలో ముంచినట్టుంది. పైన్ చెట్ల పుప్పొడి. మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా జార్జియా, అలబామా, కరొలైనాలు ఇలాగే ఉంటాయి. కార్లు, వరండాలు, కుక్కల ముక్కులు, అన్నీ పచ్చగా. అమ్మగారు కంగారుపడి న్యూజెర్సీ డాక్టర్‌కి ఫోన్ చేశారు. ఆయన చెప్పింది నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను: కంటికి కనిపించే ఆ పసుపు పైన్‌ది, దాని రేణువు పెద్దది, దానితో పెద్ద ఇబ్బంది లేదు. అదే వారంలో ఓక్ చెట్లు కూడా పుప్పొడి వదులుతాయి, అది కంటికి ఆనదు. ఛాతీ పట్టేసేది అది.

ఆ రోజంతా జార్జియా టెక్. టూర్ సంగతి వదిలేస్తాను, చక్కగా సాగింది. రాత్రి నడకలో ఐదో వీధి వంతెన దాటాం. రెండు పక్కలా పచ్చిక, చెట్లు, బెంచీలు. కింద పది లేన్లకి పైగా హైవే పోతోందని సగం దాటాక గానీ తెలియదు. వంతెనకి అవతల టెక్ స్క్వేర్, ఇంకో నాలుగడుగులేస్తే మిడ్‌టౌన్ మార్టా రైలు స్టేషన్. మళ్ళీ వెనక్కొచ్చి ఉత్తరాన పిల్లలు ఇళ్ళు అద్దెకి తీసుకునే హోమ్ పార్క్ వైపు తిరిగాం. అమ్మాయి చకచకా నడిచింది. నాన్నగారు మాత్రం, ఒక బెంచీ మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిని చూసినప్పటి నుంచి ప్రతి పది అడుగులకీ వెనక్కి తిరిగి చూశారు. "ఓకే" అన్న ఊళ్ళోనే ఆయనకి మొదటి టెన్షన్ పుట్టింది. నేనేమీ అనలేదు, రాసుకున్నాను.

ఇక్కడ నాకు నచ్చింది ఆస్పత్రి. ఎమొరీ వాళ్ళ మిడ్‌టౌన్ ఆస్పత్రి హైవే అవతలే ఉంది. క్యాంపస్‌లో స్టాంప్స్ హెల్త్ సర్వీసెస్, అందులోనే ఫార్మసీ. లైసెన్స్ లేని, ఆస్తమా ఉన్న అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు. అయితే నేను ఊళ్ళని పోల్చి రాసుకునే షీట్‌లో అప్పటికింకా ఆస్తమాకి ప్రత్యేకంగా గడి లేదు.

ఆబర్న్, మందుల షాపు

మంగళవారం ఆబర్న్. జార్జియా సరిహద్దు దాటగానే ఫోన్లు గంట వెనక్కి వెళ్తాయి. మధ్యాహ్నం టూర్, తర్వాత టూమర్స్ కార్నర్. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆట గెలిస్తే ఊరంతా వచ్చి అక్కడి ఓక్ చెట్ల మీదకి టాయిలెట్ పేపర్ చుట్టలు విసురుతారని అమ్మాయి చెప్తే అమ్మమ్మగారు నమ్మలేదు. ఆ చెట్లకి 2010లో ఎదుటి జట్టు అభిమాని ఒకడు విషం పెట్టాడనీ, 2013లో వాటిని కొట్టేసి, తర్వాత కొత్తవి నాటారనీ చెప్తే మాత్రం వెంటనే నమ్మారు. "పొలం గట్టు తగాదాల్లో మా వైపు కొబ్బరిచెట్లకి ఇలాగే పెడతారు" అన్నారు.

సాయంత్రం నుంచి అమ్మాయి దగ్గుతోంది. ఎనిమిదిన్నరకి బ్యాగు వెతికింది. ఇన్‌హేలర్ లేదు. కమింగ్‌లో బాబాయ్ ఇంట్లో మంచం పక్కన బల్ల మీద ఉండిపోయింది.

ఇక్కడ నా నియమం చెప్పాలి. పిల్ల ఒక పూర్తి వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పగలిగితే మందుల షాపు, చెప్పలేకపోతే నేరుగా ఎమర్జెన్సీ. అక్కడ పెద్ద ఆస్పత్రి పక్క ఊరు ఒపలైకాలో ఉంది. "నీ పేరూ, స్కూల్ పేరూ, రేపు ఎక్కడికి వెళ్తున్నామో చెప్పు" అన్నాను. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి, కానీ ఆగకుండా చెప్పింది. షాపుకే వెళ్ళాం.

ఎనిమిది నలభై. తొమ్మిదికి మూసేస్తారు. కౌంటర్ దగ్గర అరవై దాటిన తెల్లావిడ, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. ప్రిస్క్రిప్షన్ న్యూజెర్సీలో వేరే కంపెనీ షాపులో ఉంది, కంప్యూటర్లో ఇక్కడ కనిపించదు, ఫోన్ చేసి మార్పించుకోవాలి. న్యూజెర్సీలో అప్పటికి తొమ్మిది నలభై. అక్కడ పదికి మూసేస్తారు. ఆవిడ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, హోల్డ్‌లో పాట వింటూనే కౌంటర్ పక్క తలుపు తీసి, లోపలి కుర్చీ బయటికి లాగి అమ్మాయిని కూర్చోబెట్టింది. వంగి ముడుచుకోవద్దు, నిటారుగా కూర్చో హనీ, అని సైగ చేసింది. షాపులో వెనక లైట్లు ఆరిపోయాయి. మిగతా ఇద్దరూ కోట్లు తగిలించుకుని వెళ్ళిపోయారు. తొమ్మిదీ పదికి ఆవిడ డబ్బా చింపి, ఇన్‌హేలర్ని తనే గట్టిగా ఊపి, గాల్లోకి రెండుసార్లు వదిలి, అమ్మాయి చేతిలో పెట్టింది. పదిహేను నిమిషాల తర్వాత పిల్లికూతలు తగ్గాయని చూసుకున్నాకే తాళం వేసింది.

హోటల్‌కి వస్తుంటే నాన్నగారి గొంతు మారిపోయింది. "అనవసరంగా భయపడ్డాను మేడం. మనుషులు ఎంత మంచివాళ్ళు! ఆబర్న్ లిస్టులో పైకి వెయ్యండి."

"ఆవిడ మంచిదండీ. ఊరి సంగతి ఇంకా తెలియదు. ఇవాళ ఆవిడకి సెలవైతే ఏమయ్యేది?"

ఆయనకి నొచ్చుకుంది. ఆ రాత్రి నాతో మళ్ళీ మాట్లాడలేదు. కానీ వారం క్రితం ఒక పోలీసుని చూసి రాష్ట్రాన్ని కొట్టేసిన మనిషి, ఇప్పుడు ఒక ఫార్మసిస్ట్‌ని చూసి ఊరిని నెత్తిన పెట్టుకుంటున్నారు. తూకం రాయి అదే, పళ్ళెం మారింది. నా పని కూడా అక్కడే మారింది. ఆ రాత్రి షీట్ తీసి కొత్త గడి ఒకటి గీశాను. దాని పేరు "ఆవిడ లేని రోజు".

బుధవారం పొద్దున్న టస్కలూసా బయల్దేరే ముందు ఆబర్న్‌లోనే ఆ గడి నింపాం. క్యాంపస్ క్లినిక్ ఎన్నింటికి మూస్తారు, శని ఆదివారాల్లో ఎవరుంటారు, రాత్రి నర్సుకి ఫోన్ చేసే నంబరుందా, ఒపలైకా ఆస్పత్రికి ట్యాక్సీ ఎంతసేపట్లో దొరుకుతుంది. చివరిది అడగలేదు, యాప్ తెరిచి చూశాం. యూనివర్సిటీలో ఫార్మసీ కాలేజీ ఉండటం వల్ల మందుల వ్యవహారం నేననుకున్న దానికంటే మెరుగ్గా ఉంది.

ఇంకో సంగతి నేను మొదట ఊహించలేదు. ఆబర్న్ చుట్టుపక్కల కొరియావాళ్ళు బాగా ఉన్నారు. సరిహద్దు అవతల వెస్ట్ పాయింట్‌లో కియా ఫ్యాక్టరీ, ఇటు మాంట్‌గొమరీలో హ్యుండయ్, వాటికి విడిభాగాలు చేసే కంపెనీలు మధ్యలో. అందుకని కొరియన్ కిరాణా ఉంది. అమ్మగారు లోపలికెళ్ళి పది నిమిషాల్లో బియ్యం, ముల్లంగి, పచ్చిమిర్చి, టోఫు ఉన్నాయని తేల్చేశారు. శాకాహారి పిల్లకి ఇండియన్ షాపే ఉండాలని లేదు. ఏ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ ఉందో చూస్తే వంటింటి సంగతి తెలుస్తుంది.

టస్కలూసా

క్యాంపస్ అందంలో నాలుగింట్లో ఇదే మొదటిది, ఎవరేమన్నా. సోరోరిటీ ఇళ్ళ వీధిలోకి కారు తిరగ్గానే, వరుసగా తెల్ల స్తంభాల మేడలు చూసి అమ్మమ్మగారు "ఇన్ని కల్యాణ మండపాలు ఎందుకే?" అన్నారు. అమ్మాయి నవ్వి చెప్పింది, ఆడపిల్లల సంఘాలు అమ్మమ్మా, ఎంపిక చేసుకుని చేర్చుకుంటారు. "ఎంపికంటే?" అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరుంది. 2013లో ఇక్కడి విద్యార్థుల పత్రికే బయటపెట్టింది, తెల్ల సోరోరిటీలు నల్లజాతి అమ్మాయిల్ని తిప్పి పంపుతున్నాయని. ఆ తర్వాత యూనివర్సిటీ కలగజేసుకుని తలుపులు తెరిపించింది. 1963 కాదు, 2013.

1963 కూడా ఇక్కడే ఉంది. జూన్ 11న గవర్నర్ జార్జ్ వాలెస్ ఫాస్టర్ ఆడిటోరియం గుమ్మంలో నిలబడి వివియన్ మలోన్, జేమ్స్ హుడ్‌లని అడ్డుకున్నాడు. కెనడీ ప్రభుత్వం నేషనల్ గార్డ్‌ని దింపాక పక్కకి తప్పుకున్నాడు. ఆ భవనం ముందు ఇప్పుడు ఆ ఇద్దరి పేరు మీద ప్రాంగణం, ఆథరీన్ లూసీ పేరు మీద గడియార స్తంభం ఉన్నాయి. లూసీ 1956లోనే చేరింది. అల్లరిమూకలు గొడవ చేస్తే మూడు రోజులకే పంపించేశారు. 1992లో ఇదే యూనివర్సిటీ నుంచి మాస్టర్స్ పట్టా తీసుకుంది. అమ్మాయి ఆ ఫలకం దగ్గర చాలాసేపు నిలబడింది. నాన్నగారు కూడా. బయటికొచ్చేటప్పుడు ఆయన అన్న మాట నాకు నచ్చింది: "కనీసం దాచలేదు."

"ఆవిడ లేని రోజు" గడిలో టస్కలూసాకి బాగానే వచ్చింది. పెద్ద ఆస్పత్రి క్యాంపస్‌కి దగ్గర్లోనే, అదే యూనివర్సిటీ బులవార్డ్ మీద. విద్యార్థుల హెల్త్ సెంటర్‌లో ఫార్మసీ. అయితే ఇక్కడ ఇంకో ప్రశ్న కలపాల్సి వచ్చింది. మేం వెళ్ళింది ఏప్రిల్. 2011 ఏప్రిల్ 27న ఈ ఊరి మీదుగా వెళ్ళిన టోర్నడో బర్మింగ్‌హామ్ దాకా 64 మందిని పొట్టన పెట్టుకుంది. హాస్టల్ చూపించిన అబ్బాయిని అడిగాను: సైరన్ మోగితే ఈ గదిలో ఉన్న పిల్ల ఎక్కడికెళ్ళాలి? తడుముకోలేదు. కింది అంతస్తులో కిటికీల్లేని నడవా చూపించాడు, లిఫ్ట్ వాడకూడదన్నాడు. ఇంతకుముందు ఇంకో రాష్ట్రంలో, పేరు చెప్పను, ఇదే ప్రశ్నకి గైడ్ నవ్వి "మా ఊరికి రావులెండి" అంది. ఆ కాలేజీ ఇప్పటికీ నా లిస్టులో కింద ఉంది.

ఇక్కడ రాత్రి నడక గురువారం పెట్టుకోవాల్సింది, నేను వేళలు సరిగ్గా వేసుకోలేదు. బుధవారం రాత్రి, బార్లుండే స్ట్రిప్ అనే వీధి మామూలుగా ఉంది. గురువారం ఎలా ఉంటుందో లైబ్రరీలో దొరికిన ఒక నెల్లూరు అబ్బాయి చెప్పాడు, మాస్టర్స్ చేస్తున్నాడు. "గ్రాడ్యుయేట్ వాళ్ళకి తేడా తెలియదండీ, ల్యాబూ రూమూ. అండర్‌గ్రాడ్‌లో మాత్రం మొదటి నెలే ఎవరో ఒక గుంపులో పడాలి." అమ్మాయి అది విని ఏమీ అనలేదు, కానీ కారులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

క్లెమ్సన్

ఇక్కడ తప్పు పూర్తిగా నాది. పడమటికి వెళ్ళేటప్పుడు కలిసొచ్చిన గంట తూర్పుకి వచ్చేటప్పుడు పోతుందని తెలిసీ లెక్కలో వేసుకోలేదు. ఆరున్నరకి సిటీ బస్సెక్కి ఊరంతా తిరగాలని ప్లాన్. చేరేసరికి ఎనిమిది. చూడాల్సినదంతా శుక్రవారానికి కుక్కాం.

బస్సులు ఇక్కడ అందరికీ ఉచితం. విద్యార్థి కార్డు కూడా అడగరు. అమ్మమ్మగారు ఎక్కి టికెట్ కోసం పర్సు తీస్తే డ్రైవర్ చేయి అడ్డం ఊపాడు. ఆవిడ దిగేదాకా అనుమానంగానే కూర్చున్నారు. క్యాంపస్ నడిబొడ్డున ఫోర్ట్ హిల్ అనే తెల్ల ఇల్లుంది. బానిసత్వాన్ని గట్టిగా వెనకేసుకొచ్చిన జాన్ సి. కల్హౌన్ ఇల్లు, దాని చుట్టూ ఆయన తోటల భూమి. అల్లుడు థామస్ క్లెమ్సన్ విల్లు రాసి ఆ ఆస్తిని కాలేజీకి ఇచ్చాడు, మొదటి భవనాలు ఖైదీల చేత కట్టించారు. "మామ ఇల్లు అల్లుడు దానం చేశాడన్నమాట" అన్నారు అమ్మమ్మగారు, నిజానికి అదే క్లుప్తమైన చరిత్ర. 1963 జనవరిలో హార్వీ గాంట్ ఇక్కడ మొదటి నల్లజాతి విద్యార్థిగా చేరాడు. తర్వాత షార్లట్ మేయరయ్యాడు.

ఊరు చిన్నది. కాలేజ్ అవెన్యూ ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. రెడ్‌ఫర్న్ హెల్త్ సెంటర్ ఉంది, ఆస్పత్రికి మాత్రం పక్క ఊరు సెనెకా వెళ్ళాలి. అమ్మాయి మొత్తం వారంలో మొదటిసారి ఒక్కతే వెళ్ళొస్తానంది ఇక్కడే. బస్సెక్కి, కిరాణా షాపుకెళ్ళి, అరటిపళ్ళూ పెరుగూ కొనుక్కుని నలభై నిమిషాల్లో తిరిగొచ్చింది. పెరుగు డబ్బా మీద తియ్యనిది అని రాసి ఉండటం చూసుకోలేదు. అమ్మమ్మగారు అదొక్కటే పట్టించుకున్నారు.

రిపోర్టు

ఫోన్లో నాన్నగారు "ఒక్కో ఊరికీ పదికి మార్కులు వేసివ్వండి మేడం, సింపుల్‌గా" అన్నారు. "ఎవరి తరఫున వెయ్యమంటారు? మీ తరఫునా, అమ్మాయి తరఫునా?" అన్నాను. మార్కులు వెయ్యలేదు. ఒక్కో ఊరికీ ఒక సాయంత్రం కథ రాశాను: నవంబర్, మంగళవారం, రాత్రి ఎనిమిదిన్నర, రూమ్‌మేట్ లేదు, ఇన్‌హేలర్ అయిపోయింది. ఇక్కడ ఏమవుతుంది? నాలుగు ఊళ్ళకి నాలుగు కథలు. నాన్నగారి భయాల్ని చివరి పేజీలో విడిగా పెట్టాను. అవి నిజమైనవే, కానీ అవి ఆయన భయాలు. అమ్మాయిని నేను విడిగా అడిగితే చెప్పింది వేరు: "ఎవరైనా నా వైపు చూస్తారని కాదు ఆంటీ, ఎవరూ చూడరేమోనని."

జార్జియా టెక్ రాలేదు. మిగతా మూడూ వచ్చాయి. ఏ ఊళ్ళో చేరిందో రాయను, రాస్తే అమ్మాయిని గుర్తుపట్టడం తేలిక.

మొదటి సెమిస్టర్

అక్టోబర్‌లో ఒక శనివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఆంటీ, మీ రిపోర్టులో ఇది లేదు" అంది మొదటి మాట.

హోమ్ గేమ్, అంటే యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆట సొంత ఊళ్ళోనే. ఆ మూడు ఊళ్ళల్లో ఎక్కడైనా లెక్క ఒకటే. క్లెమ్సన్‌లో ఊరి జనాభా ఇరవై వేల లోపు, స్టేడియంలో పట్టేది 81 వేలకి పైగా. ఆబర్న్ స్టేడియం సుమారు 88 వేలు, టస్కలూసాది లక్ష. ఆట శనివారం రోడ్లు ఒక వైపుకే తిప్పేస్తారు, బస్సులు దారి మారతాయి, ట్యాక్సీ ధర నాలుగింతలవుతుంది, క్లినిక్‌లో ఎవరూ ఉండరు. అమ్మాయి ఇన్‌హేలర్ వెనకున్న అంకెల గడిలో సున్నా కనిపించింది. రెండో ఇన్‌హేలర్ ఫార్మసీలో సిద్ధంగా ఉంది, మూడు మైళ్ళ అవతల. అటు వెళ్ళే దారి లేదు. గది కిటికీలోంచి చూస్తే మాంసం కాల్చే పొయ్యిల పొగ వీధంతా కమ్ముకుని ఉంది. చివరికి జనానికి ఎదురు నడుచుకుంటూ స్టేడియం గేటు దగ్గరున్న ఫస్ట్ ఎయిడ్ టెంట్‌కి వెళ్ళింది. టికెట్ లేదు, అయినా లోపలికి తీసుకుని నెబ్యులైజర్‌తో మందు పట్టించారు. నాకు ఫోన్ చేసింది అక్కణ్ణుంచే, వెనక జనం అరుపుల్లో.

నేను నాలుగు ఊళ్ళలో నవంబర్ మంగళవారం గురించి రాశాను. అక్టోబర్ శనివారం గురించి ఒక్క ముక్క రాయలేదు, ఎందుకంటే మేం చూసింది ఏప్రిల్. స్టేడియం పక్కనుంచి ఆరుసార్లు వెళ్ళాం, ఖాళీగా ఉంది, ఫోటోలు తీసుకున్నాం.

ఇప్పుడు నేను సౌత్‌లో ఏ చిన్న ఊరికైనా రెండు ట్రిప్పులు అడుగుతున్నాను, ఒకటి మామూలు వారం, ఒకటి ఆట శనివారం. రెండోదానికి ఖర్చెక్కువ. హోటళ్ళు రెండు రాత్రులకి తక్కువ ఇవ్వవు, రేటు చెప్తే కళ్ళు తిరుగుతాయి. కొందరు వద్దంటారు. అలాంటప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళి, ఆట మొదలవడానికి రెండు గంటల ముందు హాస్టల్ ముందు నిలబడి, ఫార్మసీ దాకా నడిచి వాచీ చూసుకుంటాను.

అమ్మాయి దగ్గర ఇప్పుడు మూడు ఇన్‌హేలర్లు ఉంటున్నాయి. ఒకటి బ్యాగులో, ఒకటి గదిలో, ఒకటి కింది అంతస్తులో ఉండే ఫ్రెండ్ దగ్గర. అమ్మమ్మగారు తెనాలి వెళ్ళిపోయారు. ప్రతి శనివారం వాట్సాప్‌లో ఫోన్ చేస్తారట. తిన్నావా అని కాదు, మొదటి ప్రశ్న ఒకటే: "ఆట మీ ఊళ్ళోనా, బయటి ఊళ్ళోనా?"